నిద్రల క్యాలెండర్

గుజరాతీల మరమగ్గాల పేట బమ్రోలిలో ఆ మూడంతస్తుల మేడకు రెండో అంతస్తు గ్యాలరీలో వరసగా ఎనిమిది గదులు, ఎనిమిది నీలం తలుపులు. పొద్దున పిల్లలు ఆడుకునే వేళకు వెళితే కొన్ని తలుపుల గొళ్ళాలకు తువ్వాలలు వేలాడుతుంటాయి. అవి ఆరేసినవి కావు. తువ్వాల ఉన్నదంటే లోపల రాత్రి పాళీ చేసి వచ్చిన మనిషి పడుకున్నాడని అర్థం. పాలు పోసేవాడు ఆ తలుపు కొట్టడు. కూరగాయల బండి కింద నుంచి కేక వేస్తే, పైనుంచి ఎవరో ఒకరు వేలు పెదవి మీద పెట్టి తువ్వాల వైపు చూపిస్తారు. పిల్లలు ఆ తలుపు ముందుకు రాగానే చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంటారు. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. సిరిసిల్ల నుంచి వచ్చిన వాళ్ళంటారు తమదని, ఒడిశా నుంచి వచ్చిన వాళ్ళంటారు తమదని.

సింధూజ ఆ గ్యాలరీకి కోడలిగా వచ్చి మూడేళ్ళయింది. రెండో నంబరు గది. భర్త శివకృష్ణ ఉధ్నాలో ఒక కార్ఖానాలో సాంచా నడుపుతాడు. మరమగ్గాన్ని ఇక్కడా సాంచా అనే అంటారు, ఆమె పుట్టిన ఊళ్ళోనూ అదే మాట. కానీ పుట్టింట్లో సాంచాలు ఇంటి ముందు గదిలోనే ఉండేవి. ఆ దడదడ మీదుగా మాట్లాడీ మాట్లాడీ ఇంటిల్లిపాదికీ గొంతులు పెద్దవయ్యాయి. ఇక్కడ సాంచాలు వేరే చోట ఉంటాయి, ఇల్లు నిద్రను దాచుకునే చోటు. కొత్తలో ఆమె భర్తను అన్నానికి పిలిస్తే మూడు గదుల అవతల మనిషి కూడా లేచి కూర్చునేవాడు.

"నీ పెండ్లాం పిలిస్తె నేను సుత అన్నానికి రావాల్నా శివకృష్ణా?" అని అడిగేవాడు ఆరో నంబరు సోమలింగం.

"రా అన్నా, నీకు సుత వెడ్తది," అనేవాడు శివకృష్ణ.

సింధూజ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. ఆ నవ్వు కూడా గ్యాలరీ చివరిదాకా వెళ్ళేది.

ఆమె బీకాం కంప్యూటర్స్ చదివింది. చదివిందాన్ని ఏం చెయ్యాలో తెలియక ఏడాదిపాటు చీరలకు దారాలు కత్తిరించింది. ఒకరోజు గ్యాలరీలో కూర్చుని, కింది అంతస్తులో ఉండే ఎనిమిదేళ్ళ హారతికి భాగాహారం చెప్పింది. మర్నాడు హారతి తన స్నేహితురాలిని తీసుకొచ్చింది. ఆ స్నేహితురాలు తమ్ముణ్ణి తెచ్చింది. పిచ్చుకలు వాలినట్టు ఒక్కొక్కరే వచ్చి పది పన్నెండు మందయ్యారు. అందరూ మధ్యాహ్నం బడికి వెళ్ళే పిల్లలు. కాబట్టి ట్యూషన్ పొద్దున పెట్టాలి. పొద్దున అంటే రాత్రి పాళీ వాళ్ళ నడిరాత్రి.

ఆ ట్యూషన్ మొదలైనప్పటి నుంచి సింధూజ ముఖం మారింది. పొద్దున్నే తల దువ్వుకొని, వాకిలి తుడిచి, చాప పరిచి, మెట్ల వైపు చూస్తూ నిలబడేది. మెట్ల మీద చిన్న అడుగుల చప్పుడు వినిపిస్తే ఆమె కళ్ళలో ఏదో దీపం వత్తి ఎగదోసినట్టయ్యేది. శివకృష్ణ అది చూశాడు. ఉధ్నాలో పాత సామాన్ల దుకాణం నుంచి ఒక కంప్యూటర్ మోసుకొచ్చి మూలన పెట్టాడు.

"విండోస్ దీనిమీద నడువదంట. లినక్స్ ఏసిచ్చిండు. పిల్లలకు టైపింగ్ నేర్పు," అన్నాడు.

అయితే గ్యాలరీలో నిద్రలు చెడసాగాయి. ఎనిమిదో నంబరు నర్సింగం మామ రెండుసార్లు లేచి వచ్చి తలుపులో నిలబడ్డాడు. ఆయన కోప్పడే మనిషి కాదు. ఎర్రటి కళ్ళతో పిల్లలను చూసి, సింధూజను చూసి, "బిడ్డా, నిద్ర సాలకపోతె సాంచా కాడ కండ్లు మూతవడ్తయి. కండ్లు మూతవడ్డప్పుడు చెయ్యి యాడవోతదో తెల్వది," అన్నాడంతే. ఆయన ఎడమ చేతి చిటికెన వేలికి గోరు లేదు.

ఆ మాట మేడ బాగోగులు చూసే సారక్క చెవిన పడింది. సారక్క ఒకటో నంబరులో ఉంటూ చీరలకు ఫాల్ కుడుతుంది. మేడ సొంతదారు సేఠ్ ఊళ్ళో ఉండడు కాబట్టి గ్యాలరీలో ఆమె మాటే మాట.

"పిల్లా, పోరగాండ్లకు చదువు చెప్పుడు మంచిదే. నేనేం కాదంటలేను. గని ఇంకొక్కసారి ఎవని నిద్రన్న చెడెనా, నీ ట్యూషన్ బంద్. మల్ల నన్ను అక్కా అనకు, అవ్వా అనకు."

"అనను అక్కా."

"ఇప్పుడే అన్నవ్."

సింధూజ ఆలోచించింది. గ్యాలరీ వాళ్ళు రెండు కార్ఖానాలలో పనిచేస్తారు. ఒకదాంట్లో పాళీ పదిహేను రోజులకు మారుతుంది, ఇంకొకదాంట్లో వారానికి. ఎప్పుడూ ఎవరో ఒకరు పడుకునే ఉంటారు, కానీ ఎప్పుడూ అందరూ పడుకోరు. పడుకోని మనిషి గదిలో, పక్క గోడకు కూడా నిద్ర లేని చోట క్లాసు పెట్టుకుంటే సరి. ఈ పూట ఒకటో నంబరులో, వచ్చే వారం ఐదులో. క్లాసే గది నుంచి గదికి వలస వెళ్తుంది. గదుల వాళ్ళు ఒప్పుకున్నారు. కావలసిందల్లా ఏ రోజు ఎవరి నిద్ర ఎక్కడుందో చూపించే క్యాలెండర్.

"ఫోన్ల లేదా క్యాలెండర్?" అన్నాడు శివకృష్ణ.

"ఫోన్ నా సంచిల ఉంటది. గిది అందరికి కనవడాలె. సారక్క వచ్చి చూడాలె, నర్సింగం మామ చూడాలె. తెర పెద్దగుంటది గద."

అలా మొదలైంది వెతుకులాట. శివకృష్ణ రాత్రి పాళీలో ఉన్న రోజులవి. అతను పడుకునే చాపకు, కంప్యూటర్‌కు మధ్య రెండు మూరల దూరం. మొదట ఆమె ఒక పెద్ద ప్రోగ్రాం దించింది. ఉత్తరాలు, చిరునామాలు, పనులు, క్యాలెండర్ అన్నీ అందులోనే. దాన్ని తెరవగానే పాత డబ్బా లోపలి ఫ్యాను గిర్రున లేచింది. ముందు ఈగ మోత, తరవాత తుమ్మెద మోత, ఆ తరవాత అచ్చం చిన్న సాంచా. శివకృష్ణ నిద్రలోనే చెయ్యి చాచి తెగిన దారం కోసం గాలిలో వెతికాడు. సింధూజ గబగబా ప్లగ్గు పీకేసింది. అతని చెయ్యి కాసేపు అలా గాలిలోనే ఉండి, మెల్లగా చాప మీద వాలింది. ఆమె ఆ చేతిని చాలాసేపు చూసింది.

ఆ రోజు ఆమెకు తెలిసింది, తేలికైన ప్రోగ్రాం అంటే ఏమిటో. అది డబ్బాకు తేలిక కాదు. పక్కన పడుకున్న మనిషి నిద్రకు తేలిక.

తరవాత జీ సింపుల్ క్యాల్ అనే దాన్ని చూసింది. గాలిపటమంత తేలిక. నెలను చూపించింది, తారీఖులు చూపించింది, ఇంకేమీ అడగనివ్వలేదు. పేర్లు రాసుకునే చోటు లేదు. ముద్దుగా ఉందే అని నవ్వుకొని మూసేసింది. ఆపైన ఓస్మో దొరికింది. ఫ్యాను కదలలేదు. ఒక్కో తారీఖు మీద నొక్కితే మాటలు రాసుకోవచ్చు, రోజుకు రంగు పూసుకోవచ్చు. సింధూజ మనసు దాని మీద పడింది. ఒక్కో గది రాత్రి పాళీకి ఒక్కో రంగు, నర్సింగం మామదానికి వంకాయ రంగు. తెరంతా బతుకమ్మ పేర్చినట్టయింది. పిల్లలు చుట్టూ మూగి చూశారు. "టీచర్, ఇయ్యాల మనం ఏ రంగుల కూసోవాలె?" అని అడిగింది హారతి.

నెల తిరిగింది. శివకృష్ణ పగటి పాళీకి మారాడు, నర్సింగం రాత్రి పాళీకి. మొదటి పదిహేను రోజులూ క్లాసు సారక్క గదిలో సాఫీగా నడిచింది. సారక్క ఫాల్ కుడుతూ మధ్యమధ్యలో ఎక్కాలు తప్పు చెప్పి పిల్లలను నవ్వించేది.

పదిహేనో తారీఖుతో వంకాయ రంగు అయిపోయింది. పదహారు నుంచి నర్సింగం పగటి పాళీ, శివకృష్ణ రాత్రి పాళీ. రెండో నంబరులో నిద్ర మొదలైతే దాని గోడ పక్కనున్న సారక్క గది ఇక కుదరదు. తెర మీద పదహారుకు ఎనిమిదో నంబరు రంగు లేదు. పదహారో తారీఖు పొద్దున సింధూజ పిల్లలను వెంటబెట్టుకొని గ్యాలరీ చివరికి నడిచింది. తలుపుకు తువ్వాల లేదు. నర్సింగం భార్య భాగీరథి చీరలు మడతపెట్టే పనికి వెళ్ళిపోయింది. గొళ్ళెం తీసుకొని కూర్చోమని ముందు రోజే చెప్పి ఉంది. లోపల కిటికీ మూసి ఉంది, చీకటిగా ఉంది. మూలన దుప్పట్లు కుప్పగా ఉన్నాయి. పిల్లలు కూర్చున్నారు. ఏడో ఎక్కం అందుకున్నారు, పన్నెండు గొంతులు కలిసి.

దుప్పట్ల కుప్ప లేచి కూర్చుంది.

హారతి అందరికంటే ముందు చూసింది. భయపడితే ఆ పిల్లకు గుజరాతీ వస్తుంది. "టీచర్, కాకా సూతా ఛే!" అంది. కాకా పడుకొని ఉన్నాడని చెప్పడానికి అప్పటికే ఆలస్యమైపోయింది.

నర్సింగం అటు ఇటు చూశాడు. ఇది కలేమో అన్నట్టు ఒకసారి కళ్ళు మూసి తెరిచాడు. తరవాత దిండు తీసుకొని, పిల్లల మధ్య నుంచి జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ బయటికి వెళ్ళి గ్యాలరీ నేల మీద పడుకున్నాడు. ఎండ ఆయన ముఖం మీద పడుతోంది. సింధూజ పరుగున వెళ్ళి కొంగు అడ్డం పట్టింది.

సారక్క వచ్చింది. పడుకున్న మనిషిని చూసింది, కొంగు పట్టుకొని నిలబడ్డ మనిషిని చూసింది.

"పోరగాండ్లను ఇండ్లకు వంపు," అంది. అంతకు మించి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని సింధూజకు అనిపించింది.

శివకృష్ణ ఆ పూట ఇంట్లో లేడు. పాళీ మారే రోజు పగలు కార్ఖానాలో సాంచాలు ఆపుతారు. అతను తీరిగ్గా క్షవరం చేయించుకొని, సబ్బు వాసనతో ఇంటికి వచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"మామ పదిహేనో తారీఖు రాత్రి పనికి వోయిండు. ఇయ్యాల పొద్దుగాల దిగిండు. గాయనకు పదిహేనో తారీఖు ఇంక ఒడువలే సింధూ. నిద్రలేస్తెనే అయిపోతది. నేనేమో ఇయ్యాల రాత్రికి ఎక్కాలె, ఇప్పుడు ఖాళీగనే ఉన్న. మనింట్ల కూసోవెడితె అయిపోవు."

"మరి తువ్వాల?"

తువ్వాల సంగతి సాయంత్రం భాగీరథి చెప్పింది, చెంపలు వేసుకుంటూ. రాత్రి పాళీ అయిపోయిందని ఆ పొద్దున్నే, ఆయన ఇంకా ఇంటికి రాకముందే, దాన్ని ఉతికి తాడు మీద వేసిందట. క్యాలెండర్‌లో రాత్రి అయిపోయింది. తువ్వాలకూ అయిపోయింది. ఆ రాత్రి ఇంకా మిగిలి ఉన్నది ఒక్క ఆ మనిషి ఒంట్లోనే.

పిల్లలు రాని పొద్దులు పొడుగ్గా ఉంటాయి. సింధూజ చాప పరవలేదు. హారతి మెట్ల మీద కూర్చుని రెయిలింగు చువ్వల మధ్య నుంచి చూసేది, పిలుస్తారేమోనని. సింధూజ ఆ చూపును తప్పించుకోవడానికి లోపలికి వెళ్ళి తెర ముందు కూర్చునేది. ఓస్మో తప్పేమీ లేదు. రంగులు పూసింది తనే. ఒక్క రోజు మీదే రంగు పూసింది, రాత్రి రెండు రోజుల మీద పడుకుంటుందని మరచిపోయింది. ఒక తారీఖులో పొద్దుగూకి ఇంకొక తారీఖులో తెల్లవారే పనిని, ఆ పని వెనక వచ్చే నిద్రను, చూపించే క్యాలెండర్ కావాలి. డబ్బా మొరగకూడదు. మనిషి లేవకూడదు.

దొరికిన దాని పేరు కాల్‌కర్స్. తెరవగానే నల్లటి తెర, దాని మీద అక్షరాలు. బొమ్మలు లేవు, రంగుల పూత లేదు, మౌసు పట్టే పనే లేదు. కన్ను మూసి తెరిచేలోగా వచ్చింది. ఫ్యానుకు అది వచ్చినట్టే తెలియలేదు. తెలుగులో పేర్లు రాస్తే గుణింతాలు చెల్లాచెదరయ్యాయి, అందుకని గది నంబర్లు కొట్టింది. రాత్రి ఏడింటికి మొదలు, పన్నెండు గంటల పని. అలా ఒక నంబరు రాసి, మర్నాటి తారీఖు మీదికి జరిగి చూసింది.

అక్కడ కూడా ఆ నంబరు ఉంది. మొదలైన సమయం ఉండాల్సిన చోట వట్టి చుక్కలున్నాయి. చుక్కల పక్కన చిన్న బాణం, బాణం చివర పొద్దున ఏడు. నిన్న మొదలై ఇవాళ్టిలోకి కారిన రాత్రి అది. ఎప్పుడు మొదలైందో చెప్పకుండా, చుక్కలు చుక్కలుగా వచ్చి తలుపు దగ్గర ఆగింది. సింధూజకు ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి. శివకృష్ణ పొద్దున్నే చెప్పులు చేతిలో పట్టుకొని లోపలికి వచ్చేది సరిగ్గా ఇలాగే.

ఆమె సారక్కను పిలుచుకొచ్చింది.

"ఏంది పిల్లా గిది, గింత నల్లగ? కరెంటు పోయిందా?"

"పోలే అక్కా. గిదే క్యాలెండర్."

"దేవుని బొమ్మ లేదు, ఏకాదశి లేదు. గిదేం క్యాలెండర్?"

"గీ చుక్కలు జూడు. చుక్కలున్న నంబరోళ్ళు రాత్రి పోయి పొద్దున దిగిన్రు. ఇప్పుడు పండుకున్నరు."

సారక్కకు చదువు రాదు, నంబర్లు వచ్చు. చుక్కలకు చదువు అక్కర్లేదు. తెర మీద వేలు పెట్టి, "రెండు, మూడు, ఏడు," అంది. శబ్దం లేకుండా గ్యాలరీలోకి వెళ్ళి తలుపులు చూసుకొని వచ్చింది. ముఖంలో గెలిచిన మెరుపు.

"ఆరో నంబరుకు సుత తువ్వాల ఉన్నది. నీ డబ్బల లేదు!"

సింధూజ తెర దగ్గరికి వంగింది. మళ్ళీ మళ్ళీ చూసుకుంది. సోమలింగం పగటి పాళీ. పగలు పనిలో ఉండాలి. ఇద్దరూ వెళ్ళి తలుపు కొంచెం తోశారు. సోమలింగం గోడకు ఆనుకొని, గొంతు మూసేసిన టీవీలో క్రికెట్ చూస్తున్నాడు.

"పనికి పోలేదారా?"

"ఛుట్టీ పెట్టిన అక్కా. బామ్మర్ది వస్తనన్నడు. తువ్వాల చూస్తె మల్లిపోతడని..."

సారక్క తువ్వాల లాగి అతని నెత్తి మీద వేసింది. బయటికి వచ్చాక, "తువ్వాల అబద్ధం చెప్పె, నీ నల్లడబ్బ నిజం చెప్పె. ఒకటో తారీఖు కెల్లి పిలువు పోరగాండ్లను. గదే ఆఖరిసారి, మల్ల చెడగొట్టకు," అంది.

ఒకటో తారీఖు వచ్చింది. మళ్ళీ పాళీ మారే రోజు. తొందరగా లేచి, ఎండ గ్యాలరీలోకి రాకముందే సింధూజ తెర చూసింది. చుక్కలు రెండుకు ఉన్నాయి, శివకృష్ణ ఇప్పుడే వచ్చి పడుకున్నాడు. నాలుగుకు ఉన్నాయి. ఏడుకు ఉన్నాయి. మిగతా గదులు ఖాళీయే. కానీ ఒకటికీ మూడుకూ రెండో నంబరు గోడ. ఐదుకు నాలుగో గోడ. ఆరుకూ ఎనిమిదికీ ఏడో గోడ. నిద్ర తగలని గది ఒక్కటీ లేదు.

ఆమె వేలితో మళ్ళీ లెక్క చూసింది. తప్పు లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. పదిహేను రోజుల తరవాత సంచులు తగిలించుకొని, నూనె పెట్టి దువ్విన తలలతో వస్తున్నారు. చెప్పులు అప్పుడే చేతుల్లో ఉన్నాయి. మెల్లగా చెప్తే ఏమవుతుంది, ఒక్క గంటే కదా, అని మనసు అంది. ఆమె మెట్ల దాకా వెళ్ళింది.

"ఇయ్యాల లేదు," అంది గుసగుసగా. "రేపు రాండ్రి. ఇయ్యాల అన్ని గోడలకు నిద్ర ఉన్నది."

హారతి చేతిలోని చెప్పులను మళ్ళీ కింద పెట్టింది. ఒక్కొక్కరే వెనక్కు తిరగసాగారు.

గ్యాలరీ చివర నర్సింగం నిలబడి ఉన్నాడు. పగటి పాళీ ముగించి, రాత్రి పాళీ ఇంకా ఎక్కని మనిషి. పదిహేను రోజులకోసారి దొరికే, ఎవరిదీ కాని పగలు అది ఆయనకు. బీడీ కూడా వెలిగించకుండా ఈ సంగతంతా చూశాడు. చెయ్యి ఊపి పిలిచాడు. సింధూజ వెళ్ళింది.

"ఎందుకు వంపుతున్నవ్ బిడ్డా?"

"ఏడో నంబరు ఒడియా అన్న పండుకున్నడు మామా. నీ గోడ అవతలనే. చప్పుడైతది."

నర్సింగం ఆమె వైపు తిరిగాడు. ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. ఆమెకు అర్థం కాలేదు. ఆయన నవ్వి, ఈసారి మెల్లగా, ప్రతి మాటకూ పెదవులు గుండ్రంగా తిప్పుతూ, చేతులు ఊపుతూ అదే మాట అన్నాడు. లోపటికి రాండ్రి.

"రెండు వందల సాంచాలు నడిచే కాడ ఒకని మాట ఒకనికి ఇనవడ్తదా?" అన్నాడు అప్పుడు గుసగుసగా. "ముప్పై ఏండ్లు గిట్లనే ముచ్చట వెట్టినం. పెండ్లి సంబంధాలు సుత గిట్లనే మాట్లాడుకున్నం. పిలువు పోరగాండ్లను."

పిల్లలు ఆయన ఎదురుగా అర్ధచంద్రంలా కూర్చున్నారు. ఏడుకు ఏడు వేళ్ళు, తెగిన దారానికి ఒక సైగ, ఆపమనడానికి ఒక సైగ, బాగుంది అనడానికి ఒక సైగ. ఆయన చూపించాడు, వాళ్ళు చూపించారు. పాళీ మారే పగలు కాబట్టి వెనక సందులో ఉన్న చిన్న కార్ఖానా మోత కూడా లేదు. ఆ నిశ్శబ్దంలో పన్నెండు నోళ్ళు తెరుచుకుంటూ మూసుకుంటూ ఏడో ఎక్కం నడిచింది, నీళ్ళలో చేపలు చదువుకుంటున్నట్టు. సగం దాటాక నర్సింగం ఒక్కసారిగా చెయ్యి పైకెత్తాడు. వేలు హారతి వైపు చూపించాడు. ఏడెనిమిదుల దగ్గర ఆ పిల్ల పెదవులు యాభై నాలుగు అన్నాయి. హారతి నోరు గట్టిగా మూసుకొని, మళ్ళీ తెరిచి, యాభై ఆరు అంది, శబ్దం లేకుండా.

అప్పుడే సారక్క వచ్చింది. పిల్లలు మెట్లెక్కడం చూసింది, చప్పుడేమీ వినిపించడం లేదు, ఏమయ్యారో అని. గుమ్మంలో నిలబడి ఆ నోళ్ళను చూసింది. చిటికెన వేలు చెవిలో పెట్టి తిప్పుకుంది. ఇంకో చెవిలో కూడా పెట్టి చూసుకుంది. పిల్లల భుజాలు నవ్వుతో ఊగాయి. సింధూజ కంగారుగా లేచి, చేతులతో గోడ చూపించి, ఏడు వేళ్ళు చూపించి, తల చేతి మీద ఆనించి చూపించింది. గోడ అవతల ఒడియా అన్న గురక తెగకుండా సాగుతోంది.

సారక్క గోడకు చెవి ఆనించి ఆ గురక విన్నది. విని, పిల్లల వైపు తిరిగి ఏదో అన్నది. ఆమె కూడా పెదవులతోనే అంది, కొత్త కాబట్టి నోరు మరీ పెద్దగా తెరిచి అంది. సింధూజకు అందలేదు. నర్సింగం వైపు చూసింది. ఆయన పిల్లల వైపు చూశాడు, మీరే చెప్పండి అన్నట్టు.

హారతి సింధూజ చెవి దగ్గరికి వచ్చింది.

"రేపు సుత రమ్మంటున్నది టీచర్."